ఆప్ట్‌తోనా, స్నాప్‌తోనా, డాకర్‌లోనా, సోర్స్ నుంచా? లినక్స్ సర్వర్ మీద సాఫ్ట్‌వేర్ ఎక్కించే ముందు చూసుకోవాల్సినవి

ఒక రాత్రి పదకొండున్నరకి ఫోన్. బ్యాకప్ అప్‌లోడ్ కావడం లేదు, స్క్రిప్ట్ ఎవరూ ముట్టుకోలేదు, "మేమేమీ మార్చలేదు సార్" అని అవతల కుర్రాడి ప్రమాణాలు. లాగిన్ అయి కర్ల్ (ఫైళ్లు పంపే, తెచ్చే కమాండ్) కొట్టగానే రెండు లైన్లు వచ్చాయి: అది వాడుకునే లైబ్రరీ లిబ్‌కర్ల్ ఫైల్‌కి "నో వర్షన్ ఇన్ఫర్మేషన్ అవైలబుల్" అని ఒకటి, దాని కిందే "సింబల్ లుకప్ ఎర్రర్" అని ఇంకొకటి. కర్ల్ ఎక్కడుందో చూస్తే ఉండాల్సిన చోటే ఉంది. ప్రోగ్రాం ఏ లైబ్రరీలు పట్టుకుంటోందో చూపే ఎల్‌డీడీ కొట్టి చూస్తే సంగతి బయటపడింది. ప్రోగ్రాం డిస్ట్రోది (డెబియన్, ఉబుంటు, రెడ్ హ్యాట్ లాంటి లినక్స్ రకాన్ని డిస్ట్రో అంటాం), అది పట్టుకుంటున్న లైబ్రరీ మాత్రం యూఎస్ఆర్ లోకల్ కింద లిబ్ ఫోల్డర్‌లోది. ఆ ఫైల్ ఏ ప్యాకేజీదో చెప్పమని ప్యాకేజీల లెక్క రాసుకునే డీపీకేజీని అడిగితే నాకు తెలియదంది. రెండేళ్ల కిందట ఎవరో కొత్త వర్షన్ కావాలని సోర్స్ కోడ్ తెచ్చి, కంపైల్ చేసి, మేక్ ఇన్‌స్టాల్ కొట్టి (అంటే ప్యాకేజీ లెక్కలోకి ఎక్కకుండా ఫైళ్లని నేరుగా కాపీ చేసి), వెళ్లిపోయారు. ఆ సాయంత్రం సర్వర్‌ని ఉబుంటు 20.04 నుంచి 22.04కి మార్చారు (అది "మార్పు" కిందకి రాదట). కొత్త కర్ల్‌కి కావాల్సిన ఫంక్షన్ ఆ పాత లైబ్రరీలో లేదు, అంతే. డెబియన్, ఉబుంటులలో లోడర్ (ప్రోగ్రాం లేవగానే దానికి లైబ్రరీలు వెతికిపెట్టేది) మామూలుగా ఆ లోకల్ ఫోల్డర్‌లోనే ముందు వెతుకుతుంది; రెడ్ హ్యాట్ కుటుంబంలో అయితే మనం చెప్తే తప్ప దాని జోలికే పోదు, కాబట్టి ఇదే పని అక్కడ చేస్తే వేరే రకంగా ఏడిపిస్తుంది.

సరిచేయడానికి పట్టింది రెండు నిమిషాలు: మూడు ఫైళ్లు పక్కకి తీసి, లైబ్రరీల జాబితాని మళ్లీ రాసే ఎల్‌డీకాన్ఫిగ్ కొట్టడం. కనిపెట్టడానికి పట్టింది యాభై నిమిషాలు.

అందుకే ఎవరైనా "ఫలానా సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి ఏది ఈజీ" అని అడిగితే నాకు చిరాకు. ఎక్కించడం అన్నిట్లోనూ ఈజీయే, ఏదైనా పది నిమిషాల పని. పోల్చాల్సింది చెడిపోయిన రోజున పరిస్థితి ఏమిటన్నది. నేనైతే మూడు సంగతులు చూస్తాను. ఈ ఫైల్ ఎవరిదని అడిగితే సిస్టమ్ జవాబు చెప్పగలదా? రేపు సెక్యూరిటీ లోపం బయటపడితే ప్యాచ్ తెచ్చేది ఎవరు, వాళ్లా, నేనా? అప్‌డేట్ తేడా కొడితే నిన్నటి వర్షన్‌కి ఎలా వెళ్లాలి? ప్యాకేజీ డేటాబేస్‌ని మన ఊరి అడంగల్ అనుకోండి, తెలంగాణ వాళ్లయితే పహాణీ అనుకోండి. ఏ సర్వే నంబరు ఎవరి పేరు మీద ఉందో అందులో రాసి ఉంటుంది. మేక్ ఇన్‌స్టాల్‌తో వచ్చినదంతా పేరెక్కని భూమి. గొడవ వచ్చినప్పుడే దాని సంగతి తెలుస్తుంది.

డిస్ట్రో రిపో: పాతదే కానీ

మొదటి ఎంపిక ఎప్పుడూ ఇదే. రిపో అంటే ప్యాకేజీలు ఉంచే సర్వర్; డిస్ట్రో వాళ్ల రిపోలో ఆప్ట్‌తోనో (డెబియన్, ఉబుంటు) డీఎన్ఎఫ్‌తోనో (రెడ్ హ్యాట్ కుటుంబం) దొరికేది దొరికినట్టు వాడుకోవడం. దీని మీద అందరి ఫిర్యాదూ ఒకటే, వర్షన్ పాతది అని. నిజమే, పాతదే. కానీ పాత నంబరు అంటే ప్యాచ్ లేదని కాదు, ఇక్కడే కొత్తవాళ్లు బోల్తా పడతారు. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే పెద్ద సెక్యూరిటీ లోపం బయటపడినప్పుడు ఓపెన్ఎస్ఎస్ఎల్ (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ) వాళ్లు సరిచేసి వదిలిన వర్షన్ 1.0.1జీ. రెడ్ హ్యాట్ 6లో, డెబియన్ 7లో మాత్రం పేరు 1.0.1ఈ గానే ఉండిపోయింది, ఎందుకంటే వాళ్లు ఆ ఒక్క దిద్దుబాటునే వెనక్కి తెచ్చి పాత వర్షన్‌లో కలిపి, చివర ఉండే ప్యాకేజీ నంబరు మాత్రం పెంచారు. అక్షరం ఒక్కటే చూసి కంగారుపడి సొంతంగా జీ వర్షన్ కంపైల్ చేసుకున్నవాళ్లు ఆ రోజుకి బయటపడ్డారు కానీ, జూన్‌లో ఓపెన్ఎస్ఎస్ఎల్‌లోనే ఇంకో పెద్ద లోపం బయటపడినప్పుడు మామూలు అప్‌డేట్ వాళ్ల కాపీని తాకలేదు. మళ్లీ సోర్స్, మళ్లీ మేక్.

ఇప్పటికీ ఏడాదికోసారి ఆడిట్ వాళ్లు ఎక్సెల్ షీట్ పంపిస్తారు: ఓపెన్ఎస్ఎస్‌హెచ్ పాతది, అపాచీ పాతది, వెంటనే మార్చండి, ఎర్ర రంగు. స్కానర్ బ్యానర్‌లో నంబరు చూసి రాసిన లిస్ట్ అది. గొడవపడకండి. రెడ్ హ్యాట్ అయితే ఆర్‌పీఎం (అక్కడి డీపీకేజీ) క్వెరీకి చేంజ్‌లాగ్ ఆప్షన్ ఇచ్చి ఆ సీవీఈ నంబరు (ప్రతి లోపానికీ ఇచ్చే గుర్తింపు నంబరు) గ్రెప్ చేసి వెతకండి, ఉబుంటు అయితే ఆప్ట్ చేంజ్‌లాగ్; వచ్చిన లైన్ కాపీ చేసి ఆ షీట్‌లోనే పక్క గడిలో అతికించండి. సగం ఎరుపు అక్కడే పోతుంది. మిగతా సగం నిజంగా చేయాల్సిన పనే.

రెండు మెలికలు ఉన్నాయి. ఉబుంటు ఎల్‌టీఎస్ రిలీజుల్లో (ఎక్కువ కాలం సపోర్ట్ ఉండేవి) మెయిన్ అన్న భాగానికే దాన్ని తయారుచేసే కనోనికల్ ఐదేళ్ల మామూలు సెక్యూరిటీ సపోర్ట్ ఇస్తుంది. యూనివర్స్‌లో ఉన్న వేల ప్యాకేజీలని చూసుకునేది కమ్యూనిటీ, లేదా మీరు ఉబుంటు ప్రో సబ్‌స్క్రిప్షన్ తీసుకుంటే కనోనికల్ వాళ్లు. కాబట్టి "రిపోలో ఉంది కదా" అని ఊరుకోకుండా ఏ భాగంలోదో ఆప్ట్ పాలసీలో చూడండి. రెండోది, డిస్ట్రోకే గడువు తీరిపోవడం. రెడ్ హ్యాట్ కుటుంబంలోని సెంట్ఓఎస్ 7కి 2024 జూన్ 30తో ఆఖరైంది, ఆ తర్వాత ప్యాకేజీలు ఎక్కడున్నాయో చెప్పే మిర్రర్ లిస్ట్ సర్వర్ కూడా తీసేయడంతో యమ్ (అందులో డీఎన్ఎఫ్ చోట ఉండే కమాండ్) ఉన్నట్టుండి ఏమీ దొరకదనడం మొదలుపెట్టింది. చాలామంది రిపో ఫైల్‌లో అడ్రస్ వాల్ట్‌కి మార్చి, హమ్మయ్య పనిచేస్తోంది అనుకున్నారు. వాల్ట్ అంటే పాత పేపర్లు కట్టగట్టి ఉంచిన అటక. అక్కడ ప్యాకేజీలు ఉంటాయి, ప్యాచ్‌లు రావు.

తయారుచేసినవాళ్ల సొంత రిపో

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ లాంటివాటికి ఇది సరైన దారి అని నా అభిప్రాయం. డెబియన్ 12లో వచ్చేది 15, ఉబుంటు 22.04లో 14, 24.04లో 16; మీ డెవలపర్లకి వేరేది కావాలి, అన్ని సర్వర్లలో ఒకటే ఉండాలి అంటే పోస్ట్‌గ్రెస్ ప్రాజెక్ట్ వాళ్ల ఆప్ట్ రిపో పెట్టుకోవడమే. ఒక్క జాగ్రత్త: ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పేరు వెనక నంబరు ఇవ్వండి. నంబరు లేకుండా ఉత్త పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అని ఇస్తే అది ఎప్పటికప్పుడు తాజా వర్షన్‌ని లాగే ప్యాకేజీ, ఏడాది తర్వాత అప్‌గ్రేడ్ కొట్టిన రోజు కొత్త మేజర్ వర్షన్ దిగి, 5433 పోర్ట్ మీద ఖాళీ డేటాబేస్ ఒకటి లేచి కూర్చుంటుంది. మీ పాత డేటా ఎక్కడికీ పోదు. కానీ "ఈ రెండోది ఎక్కడి నుంచి వచ్చింది" అని మొదటిసారి చూసినప్పుడు వచ్చే టెన్షన్ మామూలుగా ఉండదు.

పర్సనల్ రిపోలు, అదే పీపీఏలు, ఇలాంటివే అనుకోకండి. అవి ఎవరైనా పెట్టొచ్చు. పెట్టినాయన ఉద్యోగం మారాడనుకోండి, అక్కడితో అప్‌డేట్లు బంద్. సర్వర్ మీద పీపీఏ పెట్టాలంటే నేను ముందు దాని చివరి అప్‌డేట్ ఏ తేదీదో చూస్తాను, సగంసార్లు అక్కడే ఆగిపోతాను. రెడ్ హ్యాట్ వైపు ఈపెల్‌కి (అదనపు ప్యాకేజీల రిపో) మాత్రం ఒక మంచి నియమం ఉంది, బేస్‌లో, అంటే డిస్ట్రో సొంత రిపోలో, ఉన్న ప్యాకేజీలని అది తిరగరాయదు. అందుకే దాన్ని భయపడకుండా కలుపుకోవచ్చు. బేస్‌ని మార్చేసే రిపోలు రెండు మూడు ఒకే సర్వర్ మీద కలిపితే తర్వాత ఏ ముక్క ఏ ఒంటిదో తెలియని శాల్తీ తయారవుతుంది; డెబియన్ వాళ్లు దీన్ని ఫ్రాంకెన్‌డెబియన్ అని ముద్దుగా పిలుస్తారు.

తాళం సంగతి కూడా, అంటే రిపోలోని ప్యాకేజీలు అసలైనవేనని సరిచూసే కీ. పాత గైడ్లలో ఆప్ట్-కీ యాడ్ అని ఉంటుంది, అది చేయకండి. అలా కలిపిన కీ ఆ ఒక్క రిపోకే కాదు, అన్నిటికీ చెల్లుతుంది. పక్కింటి తాళంచెవి ఇచ్చి ఊరందరి ఇళ్లూ తెరవనిచ్చినట్టు. కీని కీరింగ్స్ ఫోల్డర్‌లో పెట్టి, రిపో లైన్‌లో సైన్డ్-బై అని చూపించడమే ఇప్పటి పద్ధతి.

ఇక అసలు ప్రమాదం సద్దు లేకుండా వచ్చేది. ఉబుంటుని ఒక రిలీజ్ నుంచి ఇంకో రిలీజ్‌కి అప్‌గ్రేడ్ చేసినప్పుడు బయటి రిపోలన్నిటినీ అది ఆపేస్తుంది. మళ్లీ ఆన్ చేయాలని ఎవరికీ గుర్తుండదు. ప్రోగ్రాం పనిచేస్తూనే ఉంటుంది, ఆప్ట్ అప్‌డేట్ ఎర్రర్ లేకుండా పూర్తవుతుంది, ప్యాచ్‌లు మాత్రం రావు. ఆప్ట్ పాలసీ కొట్టి చూడండి: వర్షన్ టేబుల్‌లో 500 అని ఒక రిపో అడ్రస్ కనిపించాలి. అది లేకుండా 100 అని, డీపీకేజీ స్టేటస్ ఫైల్ దారి ఒక్కటే కనిపిస్తే ఆ ప్యాకేజీ అనాథ. అలాంటివన్నీ ఒకేసారి కావాలంటే ఆప్ట్ లిస్ట్‌కి టిల్డ గుర్తు, పక్కన చిన్న ఓ (~o) ఇవ్వండి. నేను ఏ కొత్త సర్వర్ చేతికొచ్చినా మొదట కొట్టే కమాండ్లలో ఇదొకటి.

డౌన్‌లోడ్ చేసిన డెబ్ ఫైల్

డెబ్ అంటే డెబియన్, ఉబుంటుల ప్యాకేజీ ఫైల్. దీని గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. ఒక్కసారి వాడి పారేసేదైతే సరే. డీపీకేజీ -ఐ బదులు ఆప్ట్ ఇన్‌స్టాల్‌కే డాట్ స్లాష్ పెట్టి ఫైల్ పేరు ఇవ్వండి, డిపెండెన్సీలు (దానికి కావాల్సిన ఇతర ప్యాకేజీలు) అదే చూసుకుంటుంది. లోపలుండే పోస్ట్ ఇన్‌స్టాల్ స్క్రిప్ట్ రూట్‌గా నడుస్తుందని మర్చిపోకండి. తెలియని చోటి నుంచి తెచ్చినదైతే ముందు విప్పి చదవండి. అప్‌డేట్లు రావు, పైన చెప్పిన అనాథల లిస్ట్‌లో చేరుతుంది.

సోర్స్ నుంచి కట్టాల్సి వస్తే

తప్పదు, కొన్నిసార్లు కావాల్సిన మాడ్యూల్ ఉండదు, లేదా ఒక బగ్ ప్యాచ్ డిస్ట్రోలోకి ఇంకా రాలేదు. అప్పుడు మూడు స్థాయిలు ఉన్నాయి, ఓపికని బట్టి.

అందరికంటే బద్ధకస్తుడు కూడా చేయగలిగింది: కాన్ఫిగర్‌కి ప్రిఫిక్స్ (ఎక్కడ పెట్టాలో చెప్పే దారి) ఇచ్చి, ఓపీటీ ఫోల్డర్ (/opt, ఆప్ట్ కమాండ్ కాదు) కింద ప్రోగ్రాం పేరు, వర్షన్ నంబరుతో విడి ఫోల్డర్‌లో పెట్టడం, "కరెంట్" అని ఒక సింలింక్ (ఇంకో చోటిని చూపే లింక్) దానివైపు తిప్పడం. వెనక్కి వెళ్లాలంటే సింలింక్ తిప్పడమే. తీసేయాలంటే ఆ ఫోల్డర్ డిలీట్. ఆ కర్ల్ మహానుభావుడు ఇంత మాత్రం చేసి ఉంటే ఆ రాత్రి నేను నిద్రపోయేవాణ్ని.

రెండోది, కట్టిన ఫైళ్లని ఎఫ్‌పీఎంతోనో ఎన్ఎఫ్‌పీఎంతోనో ఒక డెబ్‌గా, ఆర్‌పీఎంగా చుట్టడం. ఒకే ఫోల్డర్ ఇస్తే రెండు రకాల ప్యాకేజీలూ చేసిపెడతాయి. డెబియన్ వాళ్ల కళ్లకి ఇది నాసిరకం పనే, పాలసీలు గీలసీలు ఏమీ పాటించదు. కానీ అడంగల్‌లో పేరు ఎక్కుతుంది కదా, నాకు కావాల్సింది అదే. పది సర్వర్ల లోపు ఉన్న చోట్ల నేను దీన్నే సిఫార్సు చేస్తాను. డిపెండెన్సీలు మాత్రం మీరే రాయాలి, అది కనిపెట్టదు; రాయకపోతే ఒక మంచి రోజు ఆటోరిమూవ్ కొట్టినప్పుడు "ఎవరికీ అక్కర్లేదు" అని మీ ప్రోగ్రాంకి కావాల్సిన లైబ్రరీని ఆప్ట్ ఊడ్చేస్తుంది.

మూడోది పూర్తి పద్ధతి: డెబ్‌హెల్పర్ (డెబియన్ వైపు) లేదా స్పెక్ ఫైల్ (రెడ్ హ్యాట్ వైపు) రాసి, ఎస్‌బిల్డ్, మాక్ (mock, ఆపిల్ మ్యాక్ కాదు) లాంటి శుభ్రమైన గదిలో కట్టి, డెబ్ అయితే రెప్రెప్రోతోనో ఆప్ట్‌లీతోనో సొంత రిపోలో పెట్టడం. శుభ్రమైన గది ఎందుకంటే, మీ ల్యాప్‌టాప్‌లో కట్టిన ప్యాకేజీ మీ ల్యాప్‌టాప్‌లో ఉన్న లైబ్రరీలన్నిటికీ అలవాటుపడి ఉంటుంది. ఉబుంటు 22.04లో జీలిబ్‌సీ (దాదాపు ప్రోగ్రాములన్నీ ఆధారపడే మూల సీ లైబ్రరీ) 2.35, అక్కడ కట్టినదాన్ని 2.28 ఉన్న రెడ్ హ్యాట్ 8 మీదికి తీసుకెళ్తే "జీలిబ్‌సీ వర్షన్ నాట్ ఫౌండ్" అని గుమ్మంలోనే ఆపేస్తుంది. ఎప్పుడైనా మీ దగ్గరున్న సిస్టమ్స్‌లో అన్నిటికంటే పాతదాని మీద కట్టండి, కొత్తవాటి మీద మామూలుగా నడుస్తుంది.

వర్షన్ పేరులో ఒక కిటుకు. డిస్ట్రో ప్యాకేజీని కొద్దిగా మార్చి మీది తయారుచేస్తుంటే చివర ప్లస్ గుర్తుతో మీ గుర్తు తగిలిస్తే అది డిస్ట్రోదాని కంటే పెద్దదిగా లెక్క. టిల్డతో తగిలిస్తే చిన్నదిగా లెక్క. ప్లస్ పెడితే మీ మార్పు నిలుస్తుంది, డిస్ట్రో తర్వాతి ప్యాచ్ వచ్చినప్పుడు దాని నంబరు పెరుగుతుంది కాబట్టి అదొచ్చి మీదాన్ని కొట్టేస్తుంది. అది మంచిదా చెడ్డదా అన్నది మీ మార్పుని బట్టి. పిన్ చేయడమా (ఏ వర్షన్‌కి ప్రాధాన్యమో ఆప్ట్‌కి చెప్పడం), హోల్డ్ పెట్టడమా (అప్‌డేట్ కాకుండా ఆపడం), లేక ప్రతి ప్యాచ్‌కీ మళ్లీ కట్టుకోవడమా అన్నది ముందే తేల్చుకోండి. ఆప్ట్-మార్క్ హోల్డ్ పెట్టి మర్చిపోయిన ప్యాకేజీలు నేను చూసినన్ని ఎవరూ చూసి ఉండరు.

పిప్

సుడో పిప్ ఇన్‌స్టాల్, అంటే రూట్‌గా పైథాన్ లైబ్రరీలు ఎక్కించడం. ఈ మూడు మాటలు కలిసి ఎంతమంది వీకెండ్లు తిన్నాయో. డిస్ట్రోలో చాలా పనిముట్లు సిస్టమ్ పైథాన్ మీదే నడుస్తాయి, దాని లైబ్రరీలని పిప్ మార్చేస్తే అవి పడిపోతాయి. డెబియన్ 12, ఉబుంటు 23.04 నుంచి పిప్ ఈ పనికి ఒప్పుకోదు, "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్" అని ఆపేస్తుంది. అది మీ మంచికే. కానీ ఆ ఎర్రర్ వెతికితే మొదట దొరికే జవాబు ఏమిటంటే బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్ అన్న ఆప్షన్ కలపమని. పేరులోనే ఉంది కదండీ, సిస్టమ్‌ని విరగ్గొడతానని, ఇంకా ఎలా హెచ్చరించాలి? అప్లికేషన్ అయితే వీఎన్వీ (దానికే విడిగా ఉండే పైథాన్ ఫోల్డర్), కమాండ్ లైన్ టూల్ అయితే అలాంటి ఫోల్డర్ తనే చేసిపెట్టే పిప్‌ఎక్స్, లైబ్రరీ ఆప్ట్‌లోనే దొరికితే పైథాన్3 అని మొదలయ్యే ప్యాకేజీ. ఇంకొకటి, సిస్టమ్ పైథాన్3ని ఆల్టర్నేటివ్స్ పెట్టి కొత్త వర్షన్‌వైపు తిప్పేవాళ్లు ఉంటారు. "ఆప్ట్_పీకేజీ మాడ్యూల్ లేదు" అని ఎర్రర్ మొదలైతే ఆ పని ఎవరు చేశారో టీమ్‌లో అడగండి.

స్నాప్, ఫ్లాట్‌ప్యాక్, యాప్‌ఇమేజ్

ఈ మూడూ ప్రోగ్రాంని దానికి కావాల్సిన లైబ్రరీలతో కలిపి ఒక మూటగా ఇచ్చే పద్ధతులు. డెస్క్‌టాప్ మీద ఫ్లాట్‌ప్యాక్ నాకు ఇష్టమే. సర్వర్ మీద దానికి పని లేదు. యాప్‌ఇమేజ్ ఒక్క ఫైల్, ఎక్కడైనా పెట్టి నడపొచ్చు, కాకపోతే ఉబుంటు 22.04 నుంచి దానికి కావాల్సిన పాత ఫ్యూజ్ లైబ్రరీ డిఫాల్ట్‌గా రావడం లేదు కాబట్టి చాలావాటికి లిబ్‌ఫ్యూజ్2 పెట్టుకోవాలి, 24.04లో దాని పేరు చివర టీ64 చేరింది.

స్నాప్ గురించే సర్వర్ వాళ్లకి గొడవ. మంచి ముందు చెప్తాను: వెనక్కి వెళ్లడం దీంట్లో ఉన్నంత తేలిక ఆప్ట్‌లో లేదు, స్నాప్ రివర్ట్ అంటే చాలు, పాత రివిజన్ డిస్క్ మీదే ఉంటుంది. సర్ట్‌బాట్ (వెబ్‌సైట్ సర్టిఫికెట్లు తెచ్చేది) లాంటిది, ఎల్ఎక్స్‌డీ (కంటైనర్లు నడిపేది) లాంటిది స్నాప్‌గానే వాడమని వాటి వాళ్లే చెప్తారు. నచ్చనిది, మామూలుగా అది రోజుకి నాలుగుసార్లు తనంతట తాను అప్‌డేట్ కోసం చూసుకుంటుంది, మీరు మీటింగ్‌లో ఉన్నప్పుడు కూడా. 2022 చివర నుంచి రిఫ్రెష్ హోల్డ్ వచ్చింది కాబట్టి ఇప్పుడు ఆపొచ్చు, ఆపాలని గుర్తుంటే. ఇంకో సంగతి ఎవరూ ముందుగా చెప్పరు: ప్రతి స్నాప్ ఒక లూప్ మౌంట్ (ఫైల్‌ని డిస్క్‌లా తగిలించడం), రీడ్ ఓన్లీ, అంటే డిస్క్ ఖాళీ చూపే డీఎఫ్‌లో ఎప్పుడూ నూటికి నూరు శాతం నిండినట్టే కనిపిస్తుంది. మానిటరింగ్‌లో స్నాప్ వాడే స్క్వాష్‌ఎఫ్ఎస్‌ని వదిలేయమని రాయకపోతే మొదటి రాత్రే పదిహేను డిస్క్ ఫుల్ అలర్ట్‌లు. హోమ్ ఫోల్డర్లు హోమ్ కింద కాకుండా వేరే చోట, ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ డిస్క్) మీద ఉన్న కాలేజీ ల్యాబుల్లో స్నాప్ యాప్‌లు మొరాయిస్తాయి కూడా. ల్యాబ్ నడిపేవాళ్లు అరవై మిషన్ల మీద ఎక్కించే ముందు ఒకదాని మీద స్టూడెంట్ లాగిన్‌తో చూసుకోండి, అడ్మిన్ లాగిన్‌తో కాదు.

కంటైనర్లు

"అన్నీ డాకర్‌లో పెట్టేస్తే ఈ గోల ఉండదు కదా" అని అడుగుతారు. డాకర్ ప్రోగ్రాంని, దాని లైబ్రరీలని ఇమేజ్ అనే మూటలో కట్టి, హోస్ట్ (అసలు సర్వర్) మీద కంటైనర్‌గా విడిగా నడుపుతుంది. గోల ఉంటుంది, చోటు మారుతుంది. వెనక్కి వెళ్లడం చక్కగా ఉంటుంది, పాత ట్యాగ్ (ఇమేజ్ వర్షన్ పేరు) పెట్టి లేపడమే (లేటెస్ట్ అన్న ట్యాగ్ వాడనంత వరకు). ఫైల్ ఎవరిదన్న తగాదా కూడా హోస్ట్ మీద ఉండదు. ప్యాచ్ దగ్గరే మోసం: హోస్ట్ మీద మీరు రోజూ ఆప్ట్ అప్‌గ్రేడ్ కొట్టినా ఇమేజ్ లోపలి ఓపెన్ఎస్ఎస్ఎల్ ఆ ఇమేజ్ కట్టిన రోజుదే. ఎనిమిది నెలల కిందట కట్టి "స్టేబుల్‌గా నడుస్తోంది" అని ఊరుకుంటే అది ఎనిమిది నెలల పాత లోపాలతో స్టేబుల్‌గా నడుస్తోంది. వారానికోసారి ఇమేజ్ మళ్లీ కట్టే ఏర్పాటు లేని చోట కంటైనర్ కంటే ఆప్ట్ నయం, ఇది నేను చాలామందితో వాదించి గెలవలేకపోయిన మాట.

మన దగ్గర తరచూ తగిలేది ఒకటి చెప్తాను. ఒక అప్లికేషన్ బిల్లులు పీడీఎఫ్ చేసి పంపుతుంది. పాత సర్వర్ మీద బాగానే వచ్చేవి. కంటైనర్‌లోకి మార్చాక ఇంగ్లీష్ అంతా సరిగ్గానే ఉంది, తెలుగులో ఉన్న పేర్లు, ఊర్లు అన్నీ ఖాళీ డబ్బాలు. డెవలపర్ రెండు రోజులు యూనికోడ్ మీద, డేటాబేస్ ఎన్‌కోడింగ్ మీద పడ్డాడు. లోపలికెళ్లి ఫాంట్ల జాబితా చూపే ఎఫ్‌సీ-లిస్ట్‌కి భాష టీఈ అని ఇచ్చి అడిగితే ఒక్క లైన్ కూడా రాలేదు. డెబియన్ స్లిమ్ ఇమేజ్‌లో తెలుగు ఫాంట్ ఎందుకుంటుంది? డాకర్‌ఫైల్‌లో (ఇమేజ్ ఎలా కట్టాలో రాసే ఫైల్) ఫాంట్స్-లోహిత్-తెలు కలిపితే డబ్బాలు పోయి అక్షరాలు వచ్చాయి. నోటో కావాలంటే ఫాంట్స్-నోటో-కోర్‌లో తెలుగు ఉంది. ఫాంట్ పెట్టాక కూడా ఒత్తులు, గుడింతాలు విడివిడిగా చెల్లాచెదురుగా పడుతుంటే అది ఫాంట్ తప్పు కాదు, పీడీఎఫ్ చేసే లైబ్రరీకి అక్షరాలని పేర్చడం రాదు, ఆ పని తెలిసిన హార్ఫ్‌బజ్ వాడేదానికి మారాలి.

ఆల్పైన్ (ఇంకో డిస్ట్రో) ఇమేజ్ చిన్నగా ఉందని అందరూ ఎగబడతారు. అందులో జీలిబ్‌సీ ఉండదు, మసల్ అనే ఇంకో సీ లైబ్రరీ ఉంటుంది. బయట కట్టిన బైనరీని లోపల పెట్టి నడిపితే "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అంటుంది, ఎల్ఎస్ కొడితే ఫైల్ కళ్ల ముందే ఉంటుంది. లేనిది ఆ ఫైల్ కాదు, దాన్ని లేపే లోడర్. ఇంకో రెండు: డాకర్‌లో పోర్ట్ పబ్లిష్ చేస్తే అది యూఎఫ్‌డబ్ల్యూ (ఉబుంటు ఫైర్‌వాల్) నియమాలని దాటుకుని బయటికి తెరుచుకుంటుంది, లోకల్‌హోస్ట్‌కే కట్టేయండి. లాగ్‌లు జేసన్ ఫైల్‌గా, ఏ పరిమితీ లేకుండా పెరుగుతాయి, డిస్క్ నిండేదాకా. సైజ్ పరిమితి మొదటి రోజే పెట్టండి.

మరి ఎవరికి ఏది

ఒకటి రెండు సర్వర్లు, అడ్మిన్ పని మీకు అదనపు పని అయితే: డిస్ట్రో రిపో, ఆటోమేటిక్ సెక్యూరిటీ అప్‌డేట్లు, డేటాబేస్‌కి మాత్రం దాని సొంత రిపో. అంతకు మించి ఆలోచించకండి. డెవలపర్లు వారానికోసారి కొత్త వర్షన్ వదిలే అప్లికేషన్ అయితే కంటైనర్, కానీ పైన చెప్పిన వారపు రీబిల్డ్‌తో సహా. యాభై సర్వర్లు, అన్నిటి మీద మీ కంపెనీ సొంత ఏజెంట్ ఒకటి నడవాలి అంటే సొంత ప్యాకేజీ, సొంత రిపో, మొదటి నెల కష్టపడ్డా సరే. ఇంటర్నెట్ లేని లోపలి నెట్‌వర్క్ అయితే కూడా అదే, ఒక మిర్రర్ (రిపో నకలు) లోపల పెట్టుకుని దాన్ని తేదీ వేసి స్నాప్‌షాట్లుగా ఉంచుకోండి. పెన్ డ్రైవ్‌లో డెబ్ ఫైళ్లు మోసుకెళ్లే పద్ధతి మూడో డిపెండెన్సీ దగ్గర మానేస్తారు ఎలాగూ.

ఏది ఎంచుకున్నా తగిలే ఎర్రర్లు కొన్ని ఉన్నాయి. "డీపీకేజీ లాక్ దొరకలేదు" అంటే లాక్ ఫైల్ డిలీట్ చేయమని చెప్పేవాళ్ల మాట వినకండి. లాక్ ఎవరి దగ్గరుందో ఎర్రర్‌లోనే ప్రాసెస్ నంబరు ఉంటుంది, చాలాసార్లు అది తనంతట తాను నడిచే అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్, టీ తాగి వచ్చేసరికి అయిపోతుంది. గంటలైనా కదలకపోతే ఎక్కడో కాన్ఫిగ్ ఫైల్ మీ పాతది ఉంచాలా కొత్తది పెట్టాలా అని ప్రశ్న వేసి, జవాబు చెప్పే మనిషి లేక అలా కూర్చుని ఉంటుంది. స్క్రిప్ట్‌లతో నడిపేటప్పుడు ఫోర్స్-కాన్ఫ్‌ఓల్డ్ ఆప్షన్ ఇవ్వకపోతే ఇంతే. మధ్యలో కరెంట్ పోతే డీపీకేజీకి కాన్ఫిగర్ -ఏ, తర్వాత ఆప్ట్‌కి -ఎఫ్ ఇన్‌స్టాల్. బూట్ పార్టిషన్ నిండిపోతే ముందు పాత కర్నల్స్ తీసేయండి. డీఎన్ఎఫ్ వాళ్లు అదృష్టవంతులు, హిస్టరీ అన్‌డూ అని ఒకటుంది, పాత ప్యాకేజీలు రిపోలో ఇంకా ఉంటే మొత్తం ట్రాన్సాక్షన్‌ని వెనక్కి తిప్పుతుంది. డెబియన్ 12, ఉబుంటు 22.04, 24.04లలోని ఆప్ట్‌లో అలాంటిది లేదు, హిస్టరీ లాగ్ తెరిచి చేత్తో ఏరుకోవాలి.

అన్నట్టు డెబియన్ 12లో ఎల్ఎస్ ఎవరిదో అడిగేటప్పుడు యూఎస్ఆర్ బిన్ దారి ఇస్తే డీపీకేజీ తెలియదంటుంది. కంగారుపడకండి, అది పాత బిన్ దారితో నమోదై ఉంది, బిన్, యూఎస్ఆర్ బిన్ ఫోల్డర్లు కలిపేసిన తర్వాత పేరు మార్చలేదు. యూఎస్ఆర్ తీసేసి అడగండి.

ఇన్ని చెప్పాను కానీ నా దగ్గరే ఒక సర్వర్ ఉంది. దాని మీద నడిచే ప్రోగ్రాం సోర్స్ లేదు, రాసినవాళ్లు లేరు, సెంట్ఓఎస్ 7 తప్ప ఇంకోచోట నడవదు. దాన్ని ఒక కంటైనర్‌లో పెట్టి, నెట్‌వర్క్‌లో ఒక్క మిషన్ తప్ప ఎవరూ చేరలేకుండా కట్టేసి, ఆల్మా 9 (రెడ్ హ్యాట్ కుటుంబంలోని డిస్ట్రో) మీద నడుపుతున్నాం. ఫైల్ ఎవరిదో తెలుసు, వెనక్కి వెళ్లొచ్చు. ప్యాచ్ ఎవరు తెస్తారన్న ప్రశ్నకి జవాబు గడిలో ఆడిట్ షీట్‌లో ఈ ఏడు కూడా "పరిశీలనలో ఉంది" అని రాసి పంపాను.